గొంతు కాడి జేబు

గట్లెట్ల సార్? చాయ్ ముట్టనే లేదు, అప్పుడే పాస్ చేసే ముద్ర తీసిండ్రు! లారీ యాడికి పోతది? కాజీపేటల రైలు టైముకు ఇంక గంటున్నది. టీవీల లడాయి లడాయి అంటాండ్రు, నాకూ ఎరుకే. జర కూసోండ్రి.

ఈ సమ్మమ్మ ముచ్చట మొదలువెడితే ఆగదని మడికొండల అందరికి ఎరుకే. శనివారం భజనల గూడ పాటకన్న నా ముచ్చటే ఎక్కువుంటది. నవ్వుండ్రి, ఏం కాదు!

ఈ అంగీల నమూనా మొదాలు వచ్చిన్నాడు మా షెడ్డుల ఒకటే నవ్వుడు. పన్నెండు మంది ఆడోళ్లం, జాకెట్లు, బడి పిల్లల డ్రెస్సులు కుట్టెటోళ్లం. విమానం మీదికెల్లి దుంకే సిపాయిల అంగీ మాకేమెరుక? ఎనుకకెల్లి తోకోలె ఒక పట్టి! కాళ్ల నడుమకెల్లి ముందుకు తెచ్చి లోపలి దిక్కు గుండీలు పెట్టాల్నట. "అత్తా, గిది గోచి గదనే!" అని మా శ్రావణి పొట్ట పట్టుకున్నది.

కింది గాలికి అంగీ పైకి లేవొద్దని గట్ల పెట్టిండ్రు. పారాషూట్ తాళ్లు తట్టుకుంటయని బయట ఒక్క గుండీ గూడ లేదు. ఎవలు ఆలోచించిండ్రో గని, ఆళ్లకు దండం పెట్టాలె. నేనైతే సమ్మక్క తల్లిని తలుసుకోకుంట ఒక్కనాడు మిషన్ తొక్కలే.

ఆగుండ్రి! ముద్ర కింద పెట్టుండ్రి సార్. మీ కాళ్లు మొక్కుత.

ఇగో, గొంతు కాడ ఈ అడ్డ జేబు. కత్తి పెట్టుకునేది. తాళ్లు మీద చుట్టుకుంటే కోసుకొని బయటపడనీకి. దీని జిప్పుకు రెండు రన్నర్లు, కుడికెల్లి గుంజినా తెరుసుకోవాలె, ఎడమకెల్లి గుంజినా తెరుసుకోవాలె.

కొన్నిటికి ఎడమ రన్నర్ వదులొచ్చింది సార్. దానంతటదే జారుతాంది. కొత్త జిప్పులకు వారం పడ్తదన్నరు. మీరేమో రోజూ ఫోన్ మీద ఫోన్. మరి నేనేం జేసిన? లోపలికెల్లి, కండ్లకు కనవడకుంట, ఆ రన్నర్‌కు నాలుగు కుట్లు ఏసి బిగించిన.

కుడి దిక్కు తెరుసుకుంటది గద, సాలనుకున్న. ఎడమ చేత్తో ప్రసాదం తీసుకుంటమా? పసుపు ముడ్తమా? పానం నిలవెట్టే కత్తిని ఎడమ చేత్తో ఎవడు తీస్తడు అనుకున్న. గదీ నా తెలివి!

పొద్దుగాల మా వాచ్‌మన్ పోశయ్య, మిలిట్రీల చేసొచ్చినోడు, ఒకటి తొడుక్కొని సోకు పడ్తాండు. "వదినా, రెండు దిక్కుల ఎందుకు తెరుస్తరో ఎరుకేనా? తాళ్లల్ల ఏ చెయ్యి ఇరుక్కుంటదో దేవునికే ఎరుక. ఏ చెయ్యి మిగిలితే గదే దిక్కు" అన్నడు.

గప్పటికెల్లి మూటలిప్పి ఎతుకుతనే ఉన్న సార్.

ఎన్నా? ముప్పయో, నలభయో. ఏ మూటల ఏవి పోయినయో చెప్పలేను. అన్నీ కలిపి మడతవెట్టినం. మీరు తీసి చూసిన పదిట్ల గసొంటిది ఒక్కటి గూడ రాలే. దేవుడు కాపాడిండని లోపల్లోపల సంబురపడ్డ గూడ, అబద్ధమెందుకు? కాపాడింది నన్నే గని, ఆ దుంకేటోన్ని కాదు గద!

నోరు మూసుకుంటే పన్నెండు ఇండ్లల్ల పొయ్యి ఎలుగుతది. చెప్తే ఈ షెడ్డుకు ఇగ మిలిట్రీ పని రాదు. ఆళ్లంత ఆ తలుపెనుక నిలబడి ఇంటాండ్రు. శ్రావణి ముక్కు ఎగబీల్సుడు ఇనవడ్తాంది నాకు.

ఏంది, గట్ల చూస్తాండ్రు? నమ్మరా?

ఇదొక్కటి దొరికింది. తొడుక్కోండ్రి. ఆఁ, మీకే చెప్తాన్న. కుడి చెయ్యి ఎనుకకు పెట్టుకోండ్రి. తాడు బిగిసిందనుకోండ్రి. ఇగ తెరువుండ్రి.

గుంజుండ్రి సార్. ఇంకా గట్టిగ.

రాదు. సమ్మమ్మ కుట్టు ఊడదని ఊరంత చెప్పుకుంటది.

మీకేం ఫికర్ లేదు సార్. మీరు నేల మీదున్నరు.