కట్టేసిన కడ్డీ

ఆదివారం ఆరాధనలో సాక్ష్యమా? నన్నా చెప్పమంటున్నారు? ఛీ! మిమ్మల్ని కాదు అయ్యగారూ, కూర్చోండి. ఆ కుర్చీ కాలు ఊగుతుంది, ఇటు స్టూలు మీద కూర్చోండి.

పొద్దుటినుంచి ఇదే గోల. సంఘంలో ఆడవాళ్లంతా వరసగా వచ్చి నా చేతులు పట్టుకుని చూస్తున్నారు, పది వేళ్లూ ఉన్నాయా అని. "చూశావా, ప్రార్థనకెళ్లావు, దేవుడు నిన్ను తప్పించాడు" అంటున్నారు. నన్ను తప్పించి నా తోటికోడల్ని ఇరికించాడా? ఆయన అలాంటివాడా? మీరే చెప్పండి!

దేవుడికేదో ఉద్దేశం ఉంటుందట! ఆసుపత్రిలో దాని మంచం పక్కనే నిలబడి అంటుంది ఒకావిడ. మిషనులో చెయ్యి పడి మూడు వేళ్లు పోయినదాని ముందు! పుండు మీద కారం చల్లినట్టు.

మా లాండ్రీ మీరు చూడలేదుగా. తడి దుప్పటి అంచు పట్టుకుని వేడి రోలర్ల మధ్యకి అందించాలి. వాటి ముందు ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. చెయ్యి తగిలిందా, మిషను ఠక్కున ఆగిపోతుంది. మంచిదే. కానీ దుప్పటి ముడత తగిలినా ఆగుతుంది! అలా రోజుకి నలభైసార్లు ఆగితే పని ఎప్పటికి తెమలాలి? అందుకని... చింపిన దుప్పటి పీలికతో కడ్డీని పైకెత్తి కట్టేస్తాం. అందరం చేసేదే.

ఆ రోజు మిషను నాది. మధ్యాహ్నం ప్రార్థనకి వేళైందని, "కాసేపు చూస్తుండవే" అని మడత బల్ల దగ్గరున్న నా తోటికోడల్ని పిలిచి నిలబెట్టాను. దానికి ఆ మిషను కొత్త. నేనేమో వచ్చి మీ ఎదురుగా ముందు వరసలో కూర్చున్నాను, గుర్తుందా? దేవుడు కాపాడతాడని మీరు చెబుతుంటే అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

ఏంటీ? ఆయన ఎందుకు జరగనిచ్చాడో మనకి తెలియదంటారా?

ఆయన మీదకి తొయ్యకండి అయ్యగారూ. ఆ కడ్డీ ఆయన కాపుదల కాదా మరి? దాన్ని కట్టేసింది నేను. విప్పకుండా వచ్చేసింది నేను.

సూపర్‌వైజరేమో కడ్డీని అదే కట్టేసిందని రాసేశాడు. తప్పంతా దానిదేనట, ఇక పనిలోకి రావద్దన్నాడు. నేను అక్కడే గుడ్లప్పగించి నిలబడ్డాను. నోరు పెగిలితేగా! పెగిలితే పోయేది నా పని.

అసలు సంగతి వినండి. పీలికని రెండు పేటలు చేసి ముడేసేది లాండ్రీ మొత్తానికి నేనొక్కదాన్నే. ఆ ముడి దానికి తెలుసు. తను కట్టలేదని చెప్పిందే గానీ, ఎవరు కట్టారో మాత్రం చెప్పలేదు. నిన్న వెళ్తే ఏమందో తెలుసా? "దేవుడికి తెలుసులే అక్కా, ఆయనే చూసుకుంటాడు." శాపనార్థాలు పెట్టినా బాగుండేది! దాని నమ్మకం చూస్తే నా మీద నాకే రోత పుడుతోంది.

చెప్తానండీ సాక్ష్యం. ఆదివారం దాకా ఎందుకు? అప్పటికి చల్లబడిపోయి మళ్లీ ఆమెన్ అనేసి కూర్చుంటాను, నా సంగతి నాకు తెలియదూ! సూపర్‌వైజరు ఇంకా లాండ్రీలోనే ఉంటాడు.

లేవండి, పోదాం. ముందు మీరు కాదు, నేను నడుస్తాను. వెనకాలే రండి. లేకపోతే సందు మలుపులో తిరిగొచ్చేస్తాను.