సీటు కింద ఇంజన్

కాల్గరీ ఊరి చివర, మూతపడిన ఫర్నిచర్ షాపు వెనక పార్కింగ్. నవంబరు నెల, శనివారం పొద్దున.

"స్టీరింగ్ కుడిపక్కన ఉంది చూసినవా మృదులా! అచ్చం మన దగ్గర లాగనే. జపాన్ వ్యాన్ అంటే ఇదే. ఇంక నాకు నేర్చుకునే పనే లేదు."

"ఇక్కడ బండ్లు రోడ్డుకు కుడిపక్క పోతయ్ కదా బావా. ముందు లారీ ఉంటే ఎదురొచ్చే బండి నీకెట్ల కనిపిస్తది?"

"పక్కన నువ్వుంటవు. చూసి చెప్తవు."

"నేను చెప్పేలోపు అది వచ్చి..."

"అబ్బా, కొనేటప్పుడు ఆ మాటలేంది? వీరరాఘవులు అంకుల్, మీరేమనుకోకండి. మా ఆవిడకు అన్నీ అనుమానాలే."

"అడగనీయ్ బాబూ. ఇరవై రెండేళ్ల బండి, అడక్క ఎట్లా. మూడు లీటర్ల డీజిల్ ఇంజన్. ఇళ్లలాంటి ఆ పెద్ద మోటర్‌హోముల్లాగా ఆయిల్ తాగదు. ఇద్దరికి సరిపోద్ది. ఇంతకీ ఎటు తిరగాలని?"

"తిరగడానికి కాదంకుల్. ఉండడానికి."

"ఉండడానికంటే?"

"ఉండడానికే. సోమవారం నాకు జాయినింగ్. పక్క రాష్ట్రం బీసీలో, కొండల మధ్య చిన్న ఊరు, కట్టె కోసే సామిల్లులో పని. ఆ ఊళ్లో అద్దెకు ఒక్క గది లేదు. రెండు నెలల నుంచి వెతుకుతున్నం. జాయిన్ కాకుంటే ఆఫర్ పోతది. ఆఫర్ పోతే నెలాఖరుతో వర్క్ పర్మిట్ అయిపోతది. ఆ తర్వాత ఫ్లైటెక్కుడే."

"నాకు ఫోన్లో ఆ మాట చెప్పలేదే నువ్వు."

"మీరు అడగలేదు కదా. హీటర్ ఉందని యాడ్‌లో పెట్టినరు, అది చాలనుకున్న."

"అక్కడ మైనస్ ముప్పై పడుద్ది బాబూ."

"అందుకే హీటర్ ముచ్చట. మంచిగ పనిచేస్తది కదా?"

"టైర్లు చూశారా? వింటర్ టైర్లు. పోయినేడే వేయించా."

"హీటరంకుల్."

"నాలుగూ కొత్తవే."

"బావా, ఆయన హీటర్ సంగతి చెప్తలేరు."

"చెప్తరు, ఆగు. నువ్వు ఇంజన్ చూస్తానన్నవ్ కదా, చూడు. ఎక్కడుంటదంకుల్? ముందర బానెట్టే లేదు."

"ఆ అమ్మాయి కూర్చున్న సీటు కింద. లేపక్కర్లేదులే, స్టార్ట్ చేస్తా, చప్పుడు వినండి చాలు."

"వద్దంకుల్, స్టార్ట్ చేయకండి. ముందు చేయి పెట్టి చూడాలె."

"వాళ్ల నాన్నకు బావి మీద ఆయిల్ ఇంజన్ ఉండేదంకుల్. చిన్నప్పటి నుంచి తనే హ్యాండిల్ తిప్పేది. ఊళ్లో డీజిల్ ఇంజన్ అంటే ఈమెనే పిలిచేటోళ్లు."

"సీటు పక్కన కొక్కెం ఉంది, ఇదేనా? ఆ, లేచింది. అంకుల్, వేడిగ ఉంది."

"మీరొస్తున్నారని అయిదు నిమిషాలు..."

"అయిదు నిమిషాలకు ఇంత వేడెక్కదు. చేయి పెట్టనిస్తలేదు."

"పోనీ పది నిమిషాలు. అమ్మేవాడు ఆ మాత్రం చేయడా మృదులా?"

"డీజిల్ ఇంజన్‌ను చల్లగ ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూస్తేనే దాని సంగతి తెలుస్తది బావా. చల్లారనీయమను."

"రెండు గంటలు పడుద్ది అమ్మాయ్."

"రెండు గంటలా! పన్నెండింటికి మనమున్న బేస్‌మెంట్ గది తాళాలు ఇచ్చేయాలె మృదులా. సామానంతా మన ఫ్రెండ్ దీపక్ గరాజ్‌లో పడేసొచ్చినం. ఎక్కడికి పోయి కూర్చుంటం?"

"అయితే స్టార్ట్ చేయమను. నేను ఆయిల్ మూత తిప్పి దాని మీదనే బోర్లిస్తా."

"అదేం చూడ్డం?"

"మా నాన్న చూసేటోడు. మూత కదలకుండా కూర్చుంటే ఇంజన్ మంచిది. ఎగిరితే... స్టార్ట్ చేయండంకుల్."

"సరే, నీ ఇష్టం. ఇదిగో."

"ఆహా, ఒక్క తిప్పుకే అందుకుంది! విన్నవా? తీసుకుంటం అంకుల్, సంతకాలు ఎక్కడ..."

"బావా, ఇటు చూడు. మూత చూడు."

"ఏమైంది?"

"పడిపోయింది. ఎగిరి కింద పడ్డది. ఈ పొగ చూడు, పొయ్యి ఊదినట్టు వస్తుంది. ఆపేయండంకుల్. పిస్టన్ రింగులు అరిగిపోయినయ్. ఇంజన్ బోరుకొచ్చింది, మొత్తం విప్పి బాగు చేయాల్సిందే."

"బోరుకొచ్చినా నడుస్తుంది కదా?"

"నడుస్తది. ఎన్ని రోజులు, అది అడుగు."

"నాకు ఎన్నో రోజులు అక్కర్లేదే! సోమవారం దాకా నడిస్తే చాలు. ఆ ఊరు చేరితే చాలు. మిల్లు వాళ్లు యార్డులో పెట్టుకోమన్నరు, కరెంట్ ప్లగ్గు ఇస్తమన్నరు. ఇంజన్ చస్తే చావనీ, రూమ్ హీటర్ పెట్టుకుని పడుకుంటం. నీకు దండం పెడత, ఇంకేం వెతకకు."

"ఇంజన్ పక్కన ఈ గిన్నేందంకుల్? తువ్వాలు చుట్టి ఉంది."

"అది... అది పక్కన పెట్టమ్మాయ్. ఏదో సామాను."

"పెరుగు."

"పక్కన పెట్టమన్నా కదా."

"గడ్డలాగ తోడుకుంది. మా బేస్‌మెంట్‌లో నాకు ఒక్కరోజు కూడ ఇట్ల తోడుకోలేదు. రాత్రంతా వెచ్చగ ఉంటేనే ఇట్లయితది. రాత్రంతా ఇంజన్ ఆన్‌లనే ఉందా అంకుల్?"

"మృదులా, పెరుగు గురించి ఎందుకిప్పుడు?"

"రోజూ రాత్రి ఆన్‌లనే ఉంటదా?"

"ఆ గిన్నె ఇటివ్వమ్మాయ్."

"అంకుల్, మీరు ఈ బండిలనే ఉంటున్నరా?"

"సెప్టెంబర్‌లో హీటర్ పోయింది తల్లీ. ఇంజన్ ఆన్‌లో ఉంటేనే లోపల వెచ్చగా ఉండేది. రాత్రుళ్లు ఊరికే నిలబెట్టి తిప్పితే డీజిల్ ఇంజన్ పాడైపోద్దని నాకు తెలుసు. తెలిసే తిప్పా. పడుకోవాలిగా."

"యాడ్‌లో ఉంది అన్నరు కదంకుల్ మీరు! మేము రేపు కొండల్లో గడ్డకట్టి చచ్చేటోళ్లం!"

"ఎండాకాలం తిరిగేవాళ్లు కొంటారనుకున్నా బాబూ. రిపేరు చేయించుకుంటారులే అనుకున్నా. మీరు ఇందులో కాపురం పెడతారని... తప్పే. కాదనను."

"బావా, అరవకు. అంకుల్, మీకు ఇల్లు లేదా?"

"పద్దెనిమిదేళ్లు ట్రక్కు నడిపా. ట్రక్కులోనే పడక, ట్రక్కులోనే వంట. ఇల్లెందుకనుకున్నా. సుగర్ కళ్లకొచ్చింది. ఆగస్టులో లైసెన్స్ తీసేసుకున్నారు. ఈ బండి మిగిలింది, నడపడానికి లేదు. సోమవారం లోపు ఇక్కడి నుంచి తీయకపోతే లాక్కుపోతామని ఈ స్థలం వాళ్లు అద్దం మీద కాగితం అంటించారు. అమ్మితే ఏదో గదికి అడ్వాన్స్ వస్తుందని."

"సోమవారమా? మీకూ సోమవారమేనా!"

"నాకూ అదే. కానీ మీకు అమ్మను బాబూ. పొండి. ఇంకో బండి చూసుకోండి."

"అట్లనకండంకుల్! ఇంకో బండి లేదు. నా దగ్గరున్నదానికి వచ్చేది ఇదొక్కటే. ఆ కొండలు ఎక్కుతదా లేదా, అదొక్కటి చెప్పండి చాలు."

"ఎక్కుద్ది. ఆ దారి నాకు కంఠతా వచ్చు. ఎక్కడ గేరు మార్చాలి, ఎక్కడ ఆపి చల్లార్చాలి, ఎన్ని మైళ్లకోసారి ఆయిల్ పోయాలి, తెలిసినోడు పక్కనుంటే ఎక్కుద్ది. మీ ఇద్దరే అయితే రెండో కనుమ దగ్గర ఆగిపోద్ది. అక్కడ ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. నేను డబ్బు తీసుకుని మిమ్మల్ని ఆ మంచులోకి పంపలేను. ఆ సీటు దించమ్మాయ్."

"మృదులా, నువ్వన్నా అడుగవే. నువ్వు అడిగితే ఇస్తరు."

"నేను కొంటానని అడగను బావా."

"మరి? ఇప్పుడెక్కడికి పోదాం? చెప్పు, ఎక్కడికి పోదాం!"

"అంకుల్, బండి మీరు అమ్మకండి. మీ పేరు మీదనే ఉండనీయండి. బావ నడుపుతడు, ఇంజన్ నేను చూసుకుంట. మీరు ఈ పక్క సీట్లో కూర్చుని దారి చెప్పండి. అక్కడ మిల్లు యార్డులో ముగ్గురం ఉందాం, పోదాం."