పాకలో ఖాళీ తొట్టెల

మందమర్రిలో, క్రిస్మస్‌కు తొమ్మిది రోజుల ముందు, ఎనిమిదో నెల గర్భిణి అయిన కోడలు ఇంట్లో అమర్చిన పశువులపాక బొమ్మలను, అందులోని ఖాళీ ఉయ్యాలను, క్రీస్తు కథ తెలియని అత్తగారు ఉన్నత న్యాయస్థానపు గాంభీర్యంతో విచారణకు స్వీకరించారు.

“పుట్టకముందే తొట్టెల పెట్టుడేందే? నీ కడుపుల బిడ్డకు మంచిది గాదు. తీసెయ్యి.”

“ఆగమనకాలమంటే ఎదురుచూసుడే అత్తమ్మా. క్రిస్మస్ రాత్రి బాలయేసును పండవెట్టేదాకా ఖాళీగనే ఉంటది.”

“మరి గా తల్లికి భయం గాలేదా?”

“అయ్యే ఉంటది. గొడ్ల కొట్టంల కన్నది.”

“కొట్టంలనా! అత్త ఏం జేస్తుండె?”

“అత్త ముచ్చట బైబిల్ల ఎక్కడ రాయలే.”

“గదే మరి! అత్త ఉంటే కొట్టంల కననిస్తుండెనా?”

“ఇగ తీసెయ్యాల్నా?”

“ఉండనియ్యి. గా రాత్రి పిల్లగాన్ని నా చేతికియ్యి, నేనే పండవెడత. గామెకు అత్త లేని కొరత ఎందుకు?”