సంతోషమ్మ దున్నేసిన ఎర్రగడ్డ

ఏం తనూజా, వంకకాడ చేను బీడెందుకు పెట్టినారని గదా అడుగుతాండావు? అది సంతోషమ్మది. ఆయమ్మ పోయి తొమ్మిదేండ్లాయ. నువ్వప్పుడు కర్నూల్లో హాస్టల్లో ఉంటివి, నీకు తెలీదు. ఎకరాన్నర నేల, మూడు మేకలు, మొగుడు లేడు. నోరుండాది గానీ, అబ్బా, ఆ నోరుకు తాసిల్దారు గూడా కుర్చీలోంచి లేసేటోడు. యాడున్న్యా? ఆ, మన ఆలూరు పక్క వానే అరుదు గదా, ఆ యేడు కుండపోతగా పడింది. పైనుండే మందుల ఫ్యాక్టరీలో యిసం నీళ్ళ గుంట కట్ట తెగి, పచ్చని నురుగు వంకెంబడి దిగి మీ హాస్టల్లో ఉల్లిగడ్డంటారే, ఆ ఎర్రగడ్డ ఏసిన ఆయమ్మ చేన్లోకి, మన చేన్లోకి వచ్చి నిలిచింది. వారానికి ఆకు కొసలు మాడినాయి. పీకి చూస్తే గడ్డ మాత్రం నున్నగానే ఉండాది. ఆ ఆకు మేసి ఆయమ్మవి రెండు మేకలు కాళ్ళు తన్నుకోని సచ్చిపాయ. ఫ్యాక్టరీ ఆయప్ప ఇస్త్రీ చొక్కా యేసుకోని వచ్చినాడు. "వాన నీళ్ళేనమ్మా, పంటకేం కాలేదని సంతకాలు పెట్టండి, ఊరికి బోరేపిస్తాం." బోరంటే ఈడ ఎవురు కాదంటారు? అందరం పెట్టినాము. ఆయమ్మ కాగితం నూకేసి, "నాకంటే ముందు నా మేకలు పెట్టినాయిలే సామీ సంతకం. పో, దాని కిందనే నీదీ పెట్టు" అనింది.

మన పెద్దరైతు బసవరాజు బతిమాలినాడు. "అమ్మే, ఈ మాట మండీలో పడితే మనూరి గడ్డ ఒక్కటి గూడా ఎవుడూ కొనడు." "కొనగూడదనే గదన్నా చెప్తాండేది" అనింది. చేను దున్నేస్తానని ఎద్దులడిగితే ఊర్లో ఎవురూ ఈలేదు. దాదా ఖలందర్ ఒక్కడే, "తోలుకోని పో అక్కా, నన్ను గూడా యెలేస్తే యెలెయ్యనీ" అని ఇచ్చినాడు. కోతకొచ్చిన పంటమ్మా అది. ఆయమ్మే మడక పట్టింది. మేమంతా గట్టు మీద నిలబడితిమి. ఏడుస్తాదేమో అని చూసినా. యాడ? ఎద్దుల్ని అదిలిస్తా మమ్మల్ని గూడా అదిలిచ్చింది. "చూడండి, బాగా చూడండి. రేపెవురన్నా అడిగితే చూడలేదనొద్దు." గడ్డలన్నీ ఏరి గుంతలో పూడ్చిపెట్టింది. పేపర్లో పడింది, ఆపీసర్లొచ్చినారు, మండీలో మనూరి సరుకు ఆపేసినారు. ఊరంతా ఆయమ్మను కూలికి పిలిచేది మానుకుండె. మూడేండ్లు గుంటూరు పక్క మిరక్కాయలు తెంపను పొయ్యింది. వచ్చినప్పుడల్లా టిపిను డబ్బీలో ఆ మట్టి తీసుకపోయి ఆపీసరు బల్ల మీద పోసి, "ఇది నేలనా, యిసమా? రాసియ్యి" అని కూచునేది. నాలుగో యేడు యిసమేనని రాసిచ్చినారు. ఫ్యాక్టరీతో గుంటకు సిమెంటు కట్ట కట్టిచ్చినారు. ఆ మళ్ళా యేడే ఆయమ్మ పాయ.

మనవా? మన గడ్డలు... మండీ ఆపేసే ముందు రోజే లారీకెత్తినా. యాభై మూటలు. యా ఊరికి పొయ్యినాయో, ఎవురు కూరలోకి తరుక్కున్న్యారో. మీ అవ్వ మాత్రం మనింట్లోకి ఒక్క గడ్డ తేనీలేదు.

ఎండెక్కింది. లెయ్, లోపలికి పా.