తొమ్మిదో నంబరు

ఆ బూట్లదే తప్పు. ఇంకెవరిదీ కాదు. నువ్వలగ గోడకేసి తిరిగి పడుకుంటే గోడేటి సెప్తాది నీకు?

కాలు తలగడ మీద పెట్టు. దించకు. దించితే మళ్ళీ వాసిపోతాది.

రెండు రోజులైనాది ఒలే, నాతో ఒక్క మాట మాటాడి. అమ్మ అడిగితే ఊఁ అంటన్నావు, ఊహూఁ అంటన్నావు. నానొస్తే అదీ లేదు. అమ్మ ఊడుపులకి ఎల్లిపోనాది, సందేళ దాకా రాదు. మనిద్దరవేఁ ఉన్నాం. రాట్నం కూడా ఆపేసినాను, సూడు. తిట్టాలనుంటే తిట్టు. తోడబుట్టిన అప్పనే కదా, పడతాను.

తిట్టవా? సరే అయితే, నానే తిడతాను. బూట్లనే తిడతాను.

అసలవి బూట్లేటే? ముందర సేటంత వెడల్పు. ఎనక మడమ కింద ఎత్తన్నదే లేదు. ఏ బూటుకైనా మడమ దగ్గర కూసింత ఎత్తుంటాది కదా? వీటికి మడమా, వేళ్ళూ ఒకటే మట్టం. పీట మీద నిలబడ్డట్టు. వేసుకుని నడిస్తే బాతు నడిసినట్టుంటాది మనిషి. సూడ్డానికి అందమా, సందమా?

అందం పోనీలే. మొదటి రోజు ఏటీ తెలీదు, హాయిగా ఉంటాది. రెండో రోజు పొద్దున్న మంచం దిగితే అప్పుడు తెలుస్తాది. పిక్కలు రెండూ గట్టిపడిపోయి, మడమ ఎనక నరం ఉన్నాది సూడు, అది పైకి లాగేస్తాది. మడమ ఎత్తు సెప్పులకి అలవాటు పడ్డ కాలు కదా. ఉన్నట్టుండి నేల మట్టానికి దింపితే ఊరుకుంటాదేటి?

కొండల్లోన, మట్టి తోవల్లోన పరిగెట్టడానికి సేసినవట. తారురోడ్డు మీద నడిస్తే కిందనున్న ముళ్ళు అరిగిపోతాయి. మట్టిలో మాత్రం... పట్టుంటాదిలే, అది ఒప్పుకోవాల. వాననీళ్ళు పారే గెడ్డ గట్టు మీద కూడా జారదు. కానీ పక్కవాలులో అడుగేసినావనుకో, బూటు నిలబడతాది గానీ లోపల పాదం ఓ పక్కకెల్లిపోతాది. వెడల్పెక్కువ కదా, పట్టుకుని ఉంచేదేటీ ఉండదు. దానికి తాడు బిగించాల. అన్ని కన్నాలూ కాదు, పైనున్న రెండు కన్నాల్లోంచి ఎనక్కి మెలిపెట్టి కడితే మడమ కదల్దు, అప్పుడు...

ఏటి?

ఏటన్నావు?

నాకెలా తెలుసా?

రెండు రోజులకి నోరు తెరిసి అడిగిన మాట ఇదేటే! షాపాయన సెప్పినాడు. శ్రీకాకుళంలోన, నగరేశ్వరరావు గారు. పాపం మంచాయన, అరగంట కూర్చోబెట్టి సెప్పినాడు. మంచి సెప్పినాడు, సెడ్డ సెప్పినాడు, ఏదీ దాసలేదు. "మూడు వారాలు రోజూ కొంచెం కొంచెం నడవమనండమ్మా, ఒక్కసారే దూరాలు పోతే పిక్క పట్టేస్తాది" అన్నాడు.

అలగ సూడకు.

గెడ్డ గట్టు సంగతి ఆయనకెలా తెలుసంటే నానేటి సెప్పను?

ఉండు. సెప్తాను. మొదట్నించీ సెప్పనీ, మధ్యలో లేవకు. ఆ కాలుతో ఎక్కడికెల్తావు గాని.

పన్నెండేళ్ళ కిందట నాను పోలీసు సెలక్షన్‌కెల్లినాను, గుర్తుందా? నువ్వప్పటికి ఎనిమిదో తరగతి. పరుగు పందెంలా పెట్టినారు. నాతో సదివిన ఝాన్సీ దగ్గర దాని కాన్వాసు బూట్లు అడిగి తెచ్చుకున్నాను. సన్నంగా ముక్కుతేలి, దాని కాలికి అతికినట్టుండేవి. నా పాదం సంగతి తెలుసు కదా నీకు. అమ్మ పాదం. బురదలో దిగబడి, దిగబడి వేళ్ళు ఇటు రెండు అటు మూడు పోయినట్టుండే పాదం. అందులో దూర్సినాను. మూడో రౌండుకి బొటనేలు గోరు లేసిపోనాది. ఆగిపోయినాను. నాతో ఎల్లిన రాధిక ఇప్పుడు టెక్కలిలోన హెడ్ కానిస్టేబులు. నాను పొందూరులోన పత్తి ఏకుతన్నాను.

ఏడవడం లేదే. సెప్తన్నాను.

ఆ తర్వాత ఏ షాపుకెల్లినా ఒకటే మాట. "ఆడోళ్ళవి మీకు పట్టవమ్మా, మగోళ్ళవి సూడండి." గుమాస్తా కుర్రాళ్ళు మూతి తిప్పుకుని నవ్వుకోడం. పెళ్ళిళ్ళకి కూడా మగోళ్ళ సెప్పులేసుకెల్లి బయటే, అందరి సెప్పుల కిందకి తోసేసేదాన్ని. శ్రీకూర్మం గుడిలోన తడికాళ్ళతో నడిస్తే జగ్గమ్మత్త నా అడుగు సూసి ఏటన్నాదో తెలుసా? "ఇదేటే, మగపిల్లాడెవడో ముందెల్లినాడనుకున్నాను" అన్నాది. అందరూ నవ్వినారు. నానూ నవ్వినాను.

అందుకే నీకు రాత పరీక్ష పాసయిందని తెలియగానే అనుకున్నాను. ఫారెస్టు బీటు ఆఫీసరు ఉద్యోగానికి పదహారు కిలోమీటర్లు నడవాల, నాలుగ్గంటల్లోన. మా సెల్లి గోరు ఒక్కటి కూడా నల్లబడకూడదు అనుకున్నాను. అమ్మ తోడు, అది నిజం. ఆ వెడల్పు బూట్లున్నాయని కనుక్కున్నదెవరు? నానే. షాపాయన సేత ఆర్డరు పెట్టించిందెవరు? నానే.

నువ్వు విజయనగరం హాస్టలు నుంచి ఆదివారం వచ్చి, కాగితం నేలమీద పెట్టి, కుడికాలు పెట్టి, సుట్టూ పెన్సిల్‌తో గీసిచ్చినావు కదా. "ఇది సూపించు అప్పా, ఏడో నంబరు సరిపోతాదంటాడు" అన్నావు.

ఆ కాగితం సంచిలో పెట్టుకునే ఎల్లినాను.

ఆయన రెండు డబ్బాలు తీసినాడు. ఏది సరిపోతాదో అని రెండు నంబర్లు తెప్పించినాడట, ఏడు, తొమ్మిది. ఒకటే రంగు. నానన్నాను, "ఒక్కసారి కాలు పెట్టి సూస్తానండీ" అని. ఊరికే. సూడాలని. తొమ్మిదోదాన్లో పెట్టినాను.

సింధూ, వేళ్ళు విడిపోయినాయే.

ఐదూ. ఒకదాన్నొకటి తొక్కుకోకుండా, సాప మీద కూర్చున్నట్టు కూర్చున్నాయి. ముప్పై ఆరేళ్ళకి, బూటు లోపల నా సిటికినేలు ఎక్కడున్నాదో నాకు తెలిసినాది. ఆ షాపులోనే కళ్ళంట నీళ్ళొచ్చేసినాయి. దుమ్ము పడినాదన్నాను.

ఆయనడిగినాడు, "మీ సెల్లికీ ఇదే నంబరేనా?" అని.

నానేటన్నానో సెప్పమంటావా? "మా ఇద్దరిదీ ఒకటే కాలండీ" అన్నాను.

నోటికదే వచ్చేసినాది. ఆలోసించి అన్నానా, ఆలోసించకుండా అన్నానా అంటే... బస్సెక్కేలోపు ఎనక్కెల్లి మార్సుకోవచ్చు. బస్సు కాంప్లెక్స్‌లోన ముప్పావుగంట కూర్చున్నాను, డబ్బా ఒళ్ళో పెట్టుకుని. ఎల్లలేదు. కాబట్టి ఆలోసించే అన్నాననుకో.

నువ్వు ఫోన్‌లో "బూట్లొచ్చాయా అప్పా" అని అడిగినప్పుడల్లా "షాపుకింకా రాలేదే" అన్నాను సూడు, అప్పటికవి ఈ మంచం కిందే ఉన్నాయి. పదకొండు రోజులు. రోజూ తెల్లారగానే సీర ఎగ్గట్టుకుని, గెడ్డ గట్టు మీదకెల్లిపోయేదాన్ని. మొదట నడిసినాను. నాలుగో రోజు పిక్కలు తగ్గాక పరిగెట్టినాను. అసిరయ్య తాత గేదెలు తోలుకుంటూ ఎదురొచ్చి, "ఎవరు తరుముతన్నారే కుసుమా" అని కేకేసినాడు. నాకు నవ్వాగలేదు. ఎన్నాళ్ళైనాదో నాను పరిగెట్టి.

మూడు వారాలు కొంచెం కొంచెం నడవమన్నాడు కదా ఆయన? ఆ నడక నీది. నీ పిక్కలకి అలవాటు కావలసిన నడక. నాను నడిసేసినాను.

పరీక్షకి నాలుగు రోజుల ముందు నువ్వొచ్చినావు. నువ్వొచ్చే ముందురోజు రాత్రి వాటిని తడిగుడ్డ పెట్టి తుడిసినాను, ముళ్ళ మధ్య మట్టి పుల్లతో తీసినాను. ముందర ఖాళీలోన పత్తి కూరినాను. ఎంత మంచి పత్తనుకున్నావు? వాలుగ సేప దవడ పళ్ళతో, దువ్వెనతో దువ్వినట్టు, గింజకి గింజ ఏకిన పత్తి. కండువా నేసేదానికి ఉంచిన పత్తి. నీ వేళ్ళకి మెత్తగా ఉండాలని.

నువ్వేసుకుని "పెద్దవి కావేటప్పా?" అన్నావు. నాను "నడుస్తంటే పాదం ఉబ్బుతాదే, ముందర బొటనేలంత ఖాళీ ఉండాలని షాపాయన సెప్పినాడు" అన్నాను. సెప్పినాడు. అబద్ధం కాదు. అది నీ నంబరులోన ఉండాల్సిన ఖాళీ అని మాత్రం నాను సెప్పలేదు.

నమ్మేసినావు. అప్ప సెప్పినాది కదా మరి.

నా లెక్కేటో తెలుసా? ఉద్యోగం వచ్చేస్తాది, యూనిఫారంతో పాటు వేరే బూట్లిస్తారు. ఇవి ఇక నీకెందుకు? "ఉంచుకో అప్పా" అంటావు. నాలుగ్గంటలు నీవి, ఆ తర్వాత ఎప్పటికీ నావి. అంతే కదా అనుకున్నాను. మినుముల మూట నెత్తినెట్టుకుని పొలం నుంచి ఇంటికి ఆగకుండా వచ్చే గుంటవి. పదహారు కిలోమీటర్లు నీకో లెక్కా? నంబరు రెండు ఎక్కువైతే మాత్రం ఏటైపోతాది అనుకున్నాను.

ఎనిమిది కిలోమీటర్ల దాకా నువ్వే ముందరున్నావట. నీతో నడిసిన పిల్ల సెప్పినాది, ఫోన్ సేసి. ఆ తర్వాత సెమటకి పత్తంతా ముద్దకట్టేసి, పాదం ముందుకీ ఎనక్కీ జారి, మడమ సిట్లిపోనాదట. పన్నెండు దగ్గర బూటు ముక్కు రాయికి తగిలి బోర్లా పడ్డావట. కాలు మడతపడినాది. అయినా లేసినావు. పద్నాలుగు దగ్గర రెండు బూట్లూ విప్పేసి, తాళ్ళు ముడేసి మెడలో తగిలించుకుని, కాలే తారు మీద వట్టి కాళ్ళతో నడిసినావట. కుంటుకుంటూ. ఆ రెండు కిలోమీటర్లలోన ఆరుగుర్ని దాటినావట.

నాలుగు నిమిషాలు. నాలుగే నిమిషాలు ఆలస్యం.

మొదట్నించీ వట్టి కాళ్ళతో నడిసున్నా నెగ్గేద్దువు.

మళ్ళీ ఎప్పుడేస్తారో ఆ పోస్టులు. అప్పటికి నీకు వయసుంటాదో లేదో. తెలుసు. నువ్వు సెప్పక్కర్లేదు. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాది?

ఇదిగో, నీ కాగితం. ఏకుల బుట్ట అడుగున దాసినాను. మడత కూడా విప్పలేదు నాను. షాపాయనకి సూపించలేదు. సూడు, పెన్సిలు గీత కూడా సెరగలేదు.

సింపెయ్, నీ ఇష్టం.

అమ్మకి నువ్వే సెప్పుకో. నానైతే సెప్పలేను. అమ్మ నిన్నంతా ఆ షాపాయన్ని శాపనార్థాలు పెడతంటే నాను పక్కనే కూర్చుని వడుకుతన్నాను. దారం తెగలేదు, సూసినావా. ఒక్కసారి కూడా తెగలేదు.

బూట్లా?

ఎక్కడుంటాయి, మంచం కిందే ఉన్నాయి. పారెయ్యమంటావా? నాగావళిలో పడెయ్యమంటే ఇప్పుడే ఎల్లి పడేసొస్తాను. నువ్వు ఊఁ అను.

అనవు.

నిన్న కడిగినాను వాటిని. లోపల మడమ దగ్గర నీ నెత్తురు అట్టకట్టేసి ఉన్నాది. సబ్బు పెట్టి, బ్రష్షు పెట్టి, మూడు నీళ్ళు పోసి కడిగినాను. ఏడుస్తూనే కడిగినాను, కావాలంటే అమ్మనడుగు. పెరట్లో ఆరబెట్టినాను. పొద్దున్న ఎల్లి, ఆరినాయో లేదో సూద్దామని సెయ్యి పెట్టినాను. సేతికి తెలీలేదు.

కాలు పెట్టినాను.

సరిపోయినాయే సింధూ. ఇంకా తడిగానే ఉన్నాయి గాని, సరిపోయినాయి. గట్టు దాకా ఎల్లొచ్చినాను. ఏటి సెయ్యమంటావు నన్ను?