మళ్ళీ రాని బేరం: డాక్టర్ భీమశంకరరావు గారి పదవీ విరమణ వేళ

1992 ఆగస్టు 3వ తేదీన, శ్రీముఖలింగం దరిదాపుల్లోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ భీమశంకరరావు గారు వైద్యాధికారిగా చేరారు. ఆనాటికి వారి చేతిలో ఉన్న పెట్టుబడి రెండే. ఒకటి అత్తెసరు మార్కుల ఎం.బి.బి.ఎస్. పట్టా, అందులోనూ ఫార్మకాలజీ రెండోసారి రాసి నెగ్గినది. రెండోది, నెల్లిమర్లలో తండ్రి గణపతిరావు గారి బట్టల కొట్టులో అబ్బిన అలవాటు: బోణీకి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపరాదు.

ఆ అలవాటే వారిని చిక్కులో పడేసింది. అసిరయ్య అనే రైతు రోజూ గేటు తీయకముందే వచ్చి, గుండె దడ అంటూ వరుసలో మొదట నిలిచేవాడు. పరీక్షల్లో ఏ దోషమూ కనబడేది కాదు. అయినా బోణీ కదా అని డాక్టరు గారు నాలుగు బి కాంప్లెక్సు బిళ్ళలు చేతిలో పెట్టేవారు. మందిచ్చారంటే జబ్బున్నట్టేనని అతడు మరునాడు మరింత పెందలాడే వచ్చేవాడు. ఒకనాడు బిళ్ళలు నిండుకున్నాయి.

"మందేదీ బాబూ?"

"లేదయ్యా. కూకో. దడ ఎప్పట్నుంచో మొదట్నుంచి సెప్పు."

వంశధార వరదలో తన చెయ్యి జారి కొట్టుకుపోయిన తమ్ముడి సంగతి అసిరయ్య ఆనాడు చెప్పాడు. కొన్ని వారాలు అలా చెబుతూ వచ్చి, దడ తగ్గిందని క్రమంగా రావడం మానేశాడు. డాక్టరు గారు అయోమయంలో పడ్డారు. ఏమీ ఇవ్వకుండానే ఈ బేరం ఎలా కుదిరింది? అది తేల్చుకోవడానికే మానసిక వైద్యం చదవాలనుకున్నారు.

ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకుకు చెవి, ముక్కు, గొంతు డిప్లొమా సీటు మాత్రమే దొరికింది. కౌన్సెలింగు హాలు వరండాలో తండ్రీ కొడుకులకు వాదన జరిగింది.

"ఒరే, దొరికింది ఒగ్గీకు. సెవులు అందరికీ ఉంటాయి."

"మనసూ ఉంటాది కదా నాన్నా."

"అగుపడని సరుకు ఎలాగమ్ముతావురా? పైగా నయమైనోడు మళ్ళీ రాడు. మళ్ళీ రాని బేరగాడితో యాపారమేటి?"

పేరు పిలిచినప్పుడు డాక్టరు గారు లోపలికి వెళ్ళి సీటు వద్దన్నారు. చేసింది ఒప్పో తప్పో వారికే తెలియలేదు.

విశాఖలో ఒక పెద్ద ప్రొఫెసరు గారు దారి చూపారు: పాత మార్కులు ఇక పెరగవు, పెరిగేవాటి మీద శ్రమ పెట్టు అన్నారు. డాక్టరు గారు తాను తప్పిన ఫార్మకాలజీతోనే చదువు మొదలుపెట్టి, పాత ప్రశ్నపత్రాలను గడియారం ఎదుట పెట్టుకుని రాసి, సెలవు దొరికితే విశాఖ వెళ్ళి మానసిక వైద్యుల పక్కన మౌనంగా కూర్చుని, గ్రామీణ సేవాకాలం పూర్తిచేసి ప్రభుత్వ డాక్టర్లకిచ్చే సర్వీసు కోటాకు అర్హత సంపాదించారు. మరుసటి ఏడు మానసిక వైద్యంలో డిప్లొమా సీటు వచ్చింది, అదీ జాబితాలో చిట్టచివరిది.

1998లో మన జిల్లా ఆస్పత్రికి వచ్చినది మొదలు, మానసిక వైద్య విభాగాన్ని ఒక గది నుంచి ఒక వార్డుగా పెంచారు. మార్కులు చూసుకుని దిగులుపడే కుర్ర డాక్టర్లకు వారి గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. డాక్టర్ సుహాసిని గారు వచ్చిన రోజు మాకందరికీ గుర్తుంది.

"సార్, ఫిజియాలజీ తప్పేను. నాలాంటోలకి సైకియాట్రీ వస్తాదా?"

"నేను ఫార్మకాలజీ తప్పేనమ్మా. తప్పినకాడే మొదలెట్టు. రేపట్నుంచి ఓపీలో నా పక్కన కూకో."

"ఏటి సెయ్యాలి సార్?"

"మొదటి పేషంటు మాటకి అడ్డు రాకు. ముందు అది నేర్సుకో."

రెండో ప్రయత్నంలో ఎం.డి. సీటు సాధించిన సుహాసిని గారే ఇప్పుడు వారి కుర్చీలో కూర్చోబోతున్నారు.

పోయిన వారం ఓపీ వరుసలో మొదట ఒక ముసలాయన నిలుచున్నాడు. డాక్టరు గారు కళ్ళద్దాలు సవరించుకుని గుర్తుపట్టారు.

"అసిరయ్యా! మళ్ళీ దడేటి?"

"నేదు బాబూ. ఎల్లిపోతన్నారంట. ఒట్టినే వొచ్చేను."

తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు తనకు నేటికీ పూర్తిగా తెలియదని డాక్టరు గారు అంటారు. మాకు తేలిన లెక్క ఇది: వదులుకున్నది ఒక సీటు, గడించినది మందు కోసం మళ్ళీ రానవసరం లేని మనుషులు. వారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు ఉండాలని, వారి గుమ్మానికి ఇకపై ప్రతి ఉదయం ఇలా ఒట్టినే వచ్చేవారితోనే బోణీ కావాలని కోరుకుంటున్నాం.