చివర తొమ్మిది పెట్టమన్నారు

అందరూ అంటున్నట్టు ఆ పెట్టె కాలిపోలేదక్కా. కరెంటు పోయి వచ్చింది, ఫ్యాను తిరిగింది, పెట్టె మీద లైటు మాత్రం ఎర్రగా కొట్టుకుంటూనే ఉంది. దగ్గరకెళ్ళి చూశాను. అప్పుడే తెలిసిపోయింది, నా చేతి తప్పేనని.

ఏ పెట్టె అంటావేటి? మా పాడేరు ఆఫీసులో రిమోట్ యాక్సెస్ సర్వరు. మండలాల ఆఫీసులవాళ్ళు మోడెం పెట్టి ఫోన్లో డయల్ చేస్తే మా నెట్‌వర్కులోకి తీసుకునేది. దాన్ని సెట్ చేసింది నేనే. నువ్వు నేర్పిన పనే కదా, నిర్మలక్కా!

మా సారుకి తొమ్మిదంటే పిచ్చి. జీపు నెంబరు కూడితే తొమ్మిది, ఫోను నెంబరు కూడితే తొమ్మిది. మొన్న నా వెనకాల నిలబడి, "దీని ఐపీ అడ్రసు చివర పద్నాలుగేటమ్మా, దరిద్రంగా! తొమ్మిది పెట్టు" అన్నారు. నెట్‌వర్కులో దాని నెంబరు అలాగే మార్చి పెట్టేశాను.

తిట్టకు. ముందు విను.

ఆ తొమ్మిది అప్పటికే పక్కగది కంప్యూటర్ది. ఆ పూట అది ఆపేసి ఉంది, నాకు గుర్తు రాలేదు. సర్వరు లేచి బూటవ్వడానికి కావలసిన ఫైలేమో ఆ కంప్యూటర్లోనే ఉంది. బూటు నెట్‌వర్కు నుంచే అని పెట్టిందీ నేనే. ఇప్పుడు కరెంటు పోయి వచ్చాక సర్వరు లేస్తూనే తొమ్మిదిని ఫైలు అడుగుతోంది. తొమ్మిది ఎవరు? తనే! తన్ను తానే అడుక్కుంటూ కూర్చుంది.

నవ్వు బొమ్మ పెట్టకక్కా, నీకు దండం పెడతాను.

జి.మాడుగుల ఆఫీసు నుంచి సత్యకుమారి ఫోను మీద ఫోను. "ఏటే గుంటా, మోడెం కూతెట్టి కూతెట్టి ఊరుకుంతంది. ఏటి సేత్తన్నావక్కడ?"

సారేమో విశాఖపట్నం ఆఫీసుకి చెప్పేశారు, సుక్రు జనరేటరు తప్పుగా వేశాడు, మెషిను కాలిపోయింది అని. సుక్రు మా అటెండరు, పర్మనెంటు కాదు. రేపు నేను అలా రాసిన రిపోర్టు మీద సంతకం పెడితే అతన్ని పనిలోంచి తీసేస్తారు. "ఆ నెంబరు మాట ఎత్తకమ్మా. నీ కాంట్రాక్టు నా చేతిలోనే ఉంది" అన్నారు సారు, నవ్వుతూనే.

సుక్రు నా దగ్గరకొచ్చాడు. "నాను జనరేటరు ముట్టనేదమ్మా. కరెంటు దానికదే వొచ్చినాది. నువ్వక్కడే ఉన్నావు గదా?"

ఉన్నానక్కా. అక్కడే ఉన్నాను.

బాగుచెయ్యడం రాకనా? కంప్యూటరు నుంచి సర్వరుకి కేబులు తగిలించి, తొమ్మిది తీసి పద్నాలుగు కొడితే లేచి కూర్చుంటుంది. లేస్తే మరి, కాలలేదని తెలిసిపోదూ? సారు అబద్ధమూ, నా తప్పూ, రెండూ!

నిజం చెప్పనా? ఆ కేబులు నా బ్యాగులో ఉంది. ఇంకెవరూ బాగుచెయ్యకుండా పీకి తెచ్చేశాను.

నేను కూర్చున్న ఈ నెట్ సెంటరు మూసేస్తారట. ఇప్పుడేటి చెయ్యనక్కా? బేగి టైపు చెయ్యి.